సీతాకోకచిలుకల మీద రాస్తే అద్దె కట్టగలమా?

సందేహం: మావారి హెచ్1బి ఉద్యోగ వీసా వల్ల నాకొచ్చిన హెచ్4 మీద న్యూజెర్సీ వచ్చి ఏడాదైంది. ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, చేతికొచ్చింది. బాటనీలో ఎమ్మెస్సీ చేశాను. పిల్లలకీ పెద్దలకీ ప్రకృతి, సైన్సు గురించి ఇంగ్లిష్‌లో రాస్తూ బతకొచ్చా?

జవాబు: రాయొచ్చమ్మా. బతకడం వేరే సంగతి. వీసా గురించి ఒక్క మాట: ఈఏడీ గడువు ఉన్నంతవరకూ సొంతంగా రాసుకుని సంపాదించుకోవచ్చు. అది లేని హెచ్4 వాళ్ళూ, హెచ్1బి వాళ్ళూ రూపాయి పుచ్చుకునే ముందే లాయరుని అడగాలి. మిగతాది అమెరికా వలసల శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్లో ఉంది, చూసుకోండి.

ఇక డబ్బు. పిల్లల బొమ్మల పుస్తకానికి ఐదు వేల డాలర్ల అడ్వాన్సు (అమ్మకాల్లో మీకు రాబోయే వాటాలోంచి ముందే ఇచ్చేది) అనగానే మనవాళ్ళు రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోతారు. ప్రచురణకర్తతో మీ తరఫున మాట్లాడే ఏజెంటు ఉంటే 15 శాతం, అంటే 750, అక్కడే పోతుంది. మిగిలిన 4,250 కూడా సాధారణంగా సంతకమప్పుడు సగం, రాతప్రతి ఒప్పుకున్నాక సగం. పుస్తకం బయటికి రావడానికి రెండేళ్ళో, ఇంకా ఎక్కువో. ధర 18.99 డాలర్లు, రాసినవాళ్ళ వాటా ఐదు శాతం అనుకుంటే కాపీకి 95 సెంట్లు. అడ్వాన్సు తీరడానికే 5,200 పైచిలుకు కాపీలు అమ్ముడవ్వాలి. ఒప్పందంలో ‘లిస్ట్’ (పుస్తకం మీద వేసిన ధర) బదులు ‘నెట్’ అని ఉంటే లెక్క ప్రచురణకర్త చేతికొచ్చిన సొమ్ము మీద. సుమారు సగం ధరకి షాపులకి ఇస్తారు కాబట్టి మీ 95 సెంట్లూ సగమవుతాయి. ఆ ఒక్క మాట చదవకుండా సంతకం పెట్టడం మొదట్లో అందరం చేసే పనే.

అందుకే మొదటి రెండేళ్ళూ బడి పుస్తకాల సిరీస్‌లు రాయండి. ‘వర్క్ ఫర్ హైర్’ అంటారు. మొత్తం ఒకేసారి ఇస్తారు, రాయల్టీ (అమ్మకాల మీద వాటా) ఉండదు, హక్కులు వాళ్ళవే. చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ చెక్కు వస్తుంది. పత్రికలకైతే డబ్బు ‘ఆమోదం మీద’ ఇస్తారా, ‘అచ్చయ్యాక’ ఇస్తారా అని ముందే అడగండి. రెండోదైతే ఏడాది ఎదురుచూడాల్సి రావచ్చు. రాయించుకుని వేసుకోకపోతే ఇచ్చే ‘కిల్ ఫీ’ ఎంతో కూడా కాగితం మీదే ఉండాలి.

వచ్చిన ప్రతి చెక్కులో మూడోవంతు వేరే ఖాతాలో వేయండి. సొంత పనికి 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సు, దాని మీద మామూలు పన్ను. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15, ఇలా నాలుగు కిస్తీలు కట్టాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే, రిటర్ను ఇద్దరూ కలిపి వేసేటట్టయితే, మీవారి డబ్ల్యూ-4లో, అంటే జీతంలో పన్ను కోతకి ఆఫీసులో ఇచ్చే ఫారంలో, కోత పెంచమనండి. అదే సరిపోతుంది.

ఇప్పుడు రాత. మనం చదివిన పాఠ్యపుస్తకాల ఇంగ్లిష్ ఇక్కడ పనికిరాదు. మోనార్క్ సీతాకోకచిలుకనే తీసుకోండి. ఐదేళ్ళవాళ్ళకి: దీని పురుగు పాలుకారే మిల్క్‌వీడ్ ఆకు తప్ప ఇంకే ఆకూ ముట్టదు. అంతే, ఆపేయండి. పదేళ్ళవాళ్ళకి: ఆకులోని విషం ఒంట్లో నిలుస్తుంది. తిన్న పిట్ట కక్కుకుంటుంది, మళ్ళీ నారింజరంగు రెక్కల జోలికి పోదు. పెద్దలకి: ఆ విషం కణాల పొరల్లో సోడియాన్ని బయటికి తోసే పంపుని పట్టేస్తుంది. మోనార్క్ పంపులో చిన్న మార్పు వల్ల దానికి ఆ పట్టు దొరకదు. మన జిల్లేడుదీ మిల్క్‌వీడ్ కుటుంబమే. దాన్ని మేసే మన సీతాకోకచిలుక ప్లెయిన్ టైగరూ మోనార్కూ రెండూ డానస్ ప్రజాతివే. ఇది మీకు చిన్నప్పటినుంచీ కళ్ళతో తెలుసు, ఇక్కడివాళ్ళలో చాలామందికి తెలియదు. వాడుకోండి.

ఒక్క తప్పు మాత్రం చేయకండి. పురుగు రెక్కలొచ్చేముందు కదలకుండా ఉండే దశ సీతాకోకచిలుకకైతే ‘క్రిసాలిస్’, చుట్టూ పట్టు ఉండదు. ‘కకూన్’ అంటే పట్టుపురుగు అల్లుకునే కాయ. ఇది తారుమారు చేస్తే ఎడిటర్ మిగతా పేజీలు చదవడు. వాక్యం వాక్యానికీ ఆధారం ఎక్కడిదో రాసిన ఇంకో ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. అడుగుతారు.

బొమ్మల పుస్తకానికి 32 పేజీలు. ఎనిమిది కాగితాలు మధ్యకి మడిచి కుట్టుకుంటే సరిగ్గా అన్నే వస్తాయి. శీర్షిక, కాపీరైటు పేజీలు తీసేసి మిగిలిన వాటిలో మాటలు అతికించి పైకి చదవండి. పేజీ తిప్పాలనిపించని చోట రాత బాగాలేదన్నమాట. వెయ్యి మాటలు దాటకూడదు, ఐదొందలైతే మరీ మంచిది. బొమ్మలు బాగా వేస్తుందని మీ ఆడపడుచు చేత వేయించి జతచేయకండి. చిత్రకారుణ్ణి ప్రచురణకర్తే ఎంచుకుంటాడు. మీ రాతప్రతి ఒక్కటే, పూర్తిగా, పంపాలి.

వేసవి మోనార్క్ వ్యాసం పత్రికకి పంపాలంటే అంతకుముందు శరత్తులోనే పంపండి. ఆరు నెలలకి తక్కువైతే ఆ ఏటికి లేనట్టే. ఇంకోటి, డబ్బు కోసం పంపే మొదటి ఇన్వాయిస్‌కి 1 అని నంబరు వేయకండి, కొత్తవాళ్ళని తెలిసిపోతుంది. 101 నుంచి మొదలుపెట్టండి.