నేను ఏడన్నాను, మేడమ్ రెండే అన్నారు

ప్రశ్న: డిగ్రీలో జియాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి క్రెటేషియస్ కాలపు (డైనోసార్ల చివరి యుగం) ఆస్ట్రకాడ్ శిలాజాలు ఇచ్చారు. నేను ఏడు జాతులుగా వేరుచేస్తే, మా మేడమ్ చూసి రెండే అన్నారు. ఈ రంగానికి పనికొస్తానా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: టెన్షన్ వద్దు. మొదట్లో అందరూ చేసే తప్పే ఇది. ఆస్ట్రకాడ్ రొయ్యకు దూరపు చుట్టం. రెండు చిప్పల మధ్య ఒదిగి బతుకుతుంది. చాలావరకు ఆవగింజంత కూడా ఉండదు. పెద్దదయ్యేలోపు సాధారణంగా ఎనిమిదిసార్లు పెంకు విడుస్తుంది కాబట్టి ఒకే జీవి రకరకాల సైజుల్లో శిలాజాలు మిగల్చగలదు. పిల్ల పెంకు ఆకారం వేరు. చాలా జాతుల్లో ఆడ, మగ పెంకులకూ తేడా ఉంటుంది. మీ లెక్క పెరిగింది బహుశా ఇక్కడే.

ప్రతి పెంకు పొడవు, ఎత్తు కొలిచి గ్రాఫ్ మీద చుక్కలు పెట్టండి. ఎదుగుదల దశలు గుంపులుగా విడిపోయి కనిపిస్తాయి. తర్వాత చిప్పను వెల్లకిలా తిప్పండి. పైనున్న గుంతలు, గట్లు చూడగానే పేరు పెట్టేయాలనిపిస్తుంది కానీ, గట్టి ఆధారాలు లోపలుంటాయి: కీలు దగ్గరి పళ్లు, కండరం అతుక్కున్న మచ్చలు, అంచు. చిప్పలు మూసుకుపోయి ఉంటే ఇవేవీ కనబడవు. అప్పుడు జాతి దాకా వెళ్లకుండా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు దగ్గరే ఆగిపోవడం నామోషీ కాదు. సైప్రిడియా అనే ఆస్ట్రకాడ్ ప్రజాతి లాంటివాటితో మొదలుపెడితే తేలిక. ముందువైపు కింది మూలలో ముక్కులాంటి కొస, దాని వెనకే చిన్న నొక్కు ఉంటాయి.

ఇక ఉద్యోగాల సంగతి. ఆస్ట్రకాడ్లు మాత్రమే చూసే కొలువులు తక్కువ, దాచడమెందుకు? కానీ సముద్రపు శిలాజాలు దొరకని సరస్సు పొరల్లో వయసు చెప్పడానికి ఇవి పెద్ద దిక్కు. దక్షిణ అట్లాంటిక్ సముద్రం తెరుచుకోకముందు ఏర్పడిన బ్రెజిల్, ఆఫ్రికాలోని గబాన్ సరస్సు పొరలను పోల్చింది వీటితోనే. చమురు బావుల్లోంచి వచ్చే రాతి ముక్కలతోనూ ఇదే పని. అందుకే ఎమ్మెస్సీలో మైక్రోపేలియాంటాలజీ (సూక్ష్మ శిలాజాల శాస్త్రం) తీసుకుని ఫొరామినిఫెరా (పెంకున్న ఏకకణ జీవులు), పుప్పొడి శిలాజాలు కూడా నేర్చుకోండి. మ్యూజియం, పరిశోధన వైపైతే పీహెచ్‌డీ తప్పదు.

మీరు ఏడుగా వేరుచేసి పెట్టుకున్న శిలాజాల స్లైడ్ మాత్రం కలిపేయకండి. గ్రాఫ్ పూర్తయ్యాక మీరే మళ్లీ వేరుచేసి, ఏ రెండు జాతులో మేడమ్‌కి చూపించండి. మూడు వచ్చినా చూపించండి, మేడమ్‌ కంట పడనిది మీకు దొరికి ఉండొచ్చు.