జార్జియాలో కొత్తగా పౌరసత్వం వచ్చింది. ఇన్ని లక్షల ఓట్లలో నా ఒక్క ఓటుతో తేడా ఏమైనా పడుతుందా?

అడిగినవారు అట్లాంటా పైన ఫోర్సైత్ కౌంటీలో ఉంటున్నారు. ఈ మధ్యే ప్రమాణం చేసి పౌరులయ్యారు. 2026 నవంబర్ 3న వేసేది మొదటి ఓటు.

తేడా పడుతుంది. 2020 అధ్యక్ష ఎన్నికలో జార్జియాలో దాదాపు 50 లక్షల ఓట్లు పడితే ఇద్దరి మధ్య తేడా 11,779. 2024లో అదే రాష్ట్రం లక్షా పదిహేను వేల ఓట్లతో అవతలి పార్టీ వైపు మొగ్గింది. విజయవాడ సెంట్రల్‌లో 2019లో 25 ఓట్లతో గెలుపోటములు తేలడం చూసినవాళ్లం మనం. ఒక్క ఓటు విలువ గురించి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మన ఊళ్లో ఓటరు స్లిప్పు ఇంటికొస్తుంది, బూత్ ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేస్తాడు, వేలికి సిరా పడేదాకా ఎవరో ఒకరు వెంటపడతారు. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. పోలింగ్ రోజు కన్నా చాలా ముందే, కాగితాల దగ్గరే మనవాళ్ల ఓట్లు ఎక్కువగా పోతాయి. ఎవరికి వేయాలా అని నెల రోజులు వాట్సాప్‌లో వాదించుకునే ఇంట్లోనే, ఓటరు రికార్డులో పేరు ఎలా పడిందో ఒక్కరూ చూసుకుని ఉండరు.

2018 నవంబర్ సంగతి చెబుతాను. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) దిగువ సభకు అప్పటి 7వ నియోజకవర్గంలో గ్విన్నెట్, ఫోర్సైత్ కౌంటీలు ఉండేవి. మన తెలుగువాళ్ల ఇళ్లు, గుళ్లు, కూచిపూడి క్లాసులు అన్నీ ఆ చుట్టుపక్కలే. రిపబ్లికన్ సిట్టింగ్ సభ్యుడు రాబ్ వుడాల్ మీద డెమోక్రాట్ కరోలిన్ బోర్డో పోటీ చేశారు. రెండు లక్షల ఎనభై వేల ఓట్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టాక చివరికి తేలిన తేడా 433. అదే సమయంలో గ్విన్నెట్‌లో ఆబ్సెంటీ బ్యాలెట్ల మీద, అంటే మన భాషలో పోస్టల్ బ్యాలెట్ల మీద, కోర్టులో గొడవ నడుస్తోంది. కవర్ మీద సంతకం దగ్గర పుట్టిన సంవత్సరం రాయాలి. కొందరు ఖాళీ వదిలేశారు, కొందరు తప్పు రాశారు. ఆ కవర్లను కౌంటీ తిరస్కరించింది. లోపల బ్యాలెట్ శుభ్రంగా ఉంది, ఓటరు అసలైన ఓటరే. చెల్లకుండా పోయింది మాత్రం ఒక గడి వల్ల. చివరికి ఫెడరల్ జడ్జి లీ మార్టిన్ మే, పుట్టిన సంవత్సరం పొరపాటు ఒక్కదానికే ఓటు కొట్టెయ్యొద్దని ఆదేశించారు. కోర్టు దాకా వెళ్లగలిగితే దక్కిన ఓటు అది. ప్రతిసారీ మనకోసం ఎవరో కోర్టుకు వెళ్తారని కూర్చోలేం కదా!

ఈ గడి మన పెద్దవాళ్లకు ఇంకా ప్రమాదం. స్కూల్లో వేయించిన పుట్టినతేదీ ఒకటి, ఇంట్లో అనుకునేది ఇంకొకటి. పైగా మనం రోజు ముందు రాస్తాం, ఇక్కడ నెల ముందు. అమ్మగారు 4వ తేదీ ఆగస్టు అనుకుని 04/08 అని రాస్తే ఇక్కడ అది ఏప్రిల్ 8. కవర్ నింపేటప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ బల్ల మీద పెట్టుకుని, దాని మీద ఉన్నది అంకెకు అంకె దింపాలి. నోటి లెక్క పనికిరాదు.

ఇక మీ విషయం. కొత్త పౌరులకు అన్నిటికన్నా పెద్ద చిక్కు లైసెన్సులిచ్చే డ్రైవర్ సర్వీసెస్ శాఖ రికార్డు. మీరు వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నప్పుడు తీసుకున్న లైసెన్స్ ప్రకారం ఆ శాఖ దృష్టిలో మీరింకా పౌరులు కారు. ప్రమాణం చేసిన సంగతి దానికి తనంతట తాను తెలియదు. ప్రమాణం అయిన హాలు బయటే ఉత్సాహంగా ఓటరు ఫారం నింపి పాత లైసెన్స్ నంబరు వేస్తే, ఆ నంబరును పాత రికార్డుతో పోల్చి "పౌరసత్వ రుజువు కావాలి" అని పక్కన పెడతారు. 2018లో ఇలా 3,000 మందికి పైగా చిక్కుకుంటే, వాళ్లు పోలింగ్ కేంద్రంలోనే రుజువు చూపించి ఓటు వేయొచ్చని ఎన్నికకు కొద్ది రోజుల ముందు ఫెడరల్ కోర్టు చెప్పాల్సి వచ్చింది.

అందుకే వరుస తప్పకండి. ముందు నాచురలైజేషన్ సర్టిఫికెట్ (ప్రమాణం అయ్యాక ఇచ్చే పౌరసత్వ పత్రం) పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి రికార్డు మార్పించుకోండి. ఒకటి రెండు రోజులు ఆగండి, ఎందుకంటే లైసెన్స్ శాఖ అక్కడి రికార్డుతో పోల్చుకుంటుంది. ఆ తర్వాత లైసెన్స్. లైసెన్స్ కొత్తది చేతికొచ్చాకే ఓటరు నమోదు. ఈ ఎన్నికకు నమోదు గడువు అక్టోబర్ 5. అప్పటికి లైసెన్స్ పని పూర్తి కాకపోతే ఆగొద్దు, నమోదు చేసేసి సర్టిఫికెట్ కాపీ కౌంటీ ఎన్నికల ఆఫీసుకు అందించండి. ఓటు వేసే రోజు అసలు సర్టిఫికెట్‌గానీ అమెరికా పాస్‌పోర్ట్‌గానీ వెంట ఉంచుకోండి.

పేర్ల గొడవ ఇంకొకటి. వెంకట నాగ సత్యనారాయణ అని మూడు ముక్కల పేరు, ఇంటిపేరు ముందు, కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడే ఖాళీ. ఒకచోట వెంకటనాగ కలిపి, ఒకచోట విడదీసి, లైసెన్స్ మీద చోటు చాలక సగానికి కోసి. 2018లో అక్షరం అక్షరం సరిపోలాలన్న నిబంధన కింద ఈ రాష్ట్రంలో 53,000 దరఖాస్తులు పెండింగ్‌లో పడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం నల్లజాతివారివి. తర్వాత 2019లో చట్టం కొంత సడలింది కానీ, పేరు సరిపోకపోతే ప్రశ్నలు తప్పవు. లైసెన్స్ మీద ఎలా ఉందో ఓటరు ఫారంలో అలాగే రాయండి, ఖాళీలతో సహా. ప్రమాణం సమయంలో పేరు మార్చుకుని ఉంటే మరీ జాగ్రత్త. నమోదైందో లేదో రాష్ట్రం నడిపే మై ఓటర్ పేజ్‌లో చూసుకోవచ్చు. పేరులో మొదటి అక్షరం, ఇంటిపేరు, కౌంటీ, పుట్టినతేదీ అడుగుతుంది. కనబడకపోతే కంగారు పడకండి, ముందు మీ పేరూ ఇంటిపేరూ తారుమారు చేసి వెతకండి. మనవాళ్లలో చాలామంది అక్కడే దొరుకుతారు.

కౌంటీ అంటే గుర్తొచ్చింది. పోస్టల్ అడ్రస్‌లో సువానీ అని ఉన్నంత మాత్రాన మీరు గ్విన్నెట్‌లో ఉన్నట్టు కాదు. 30024 పిన్ గ్విన్నెట్, ఫోర్సైత్, ఫుల్టన్ మూడింట్లోనూ ఉంది. ఆల్ఫరెట్టా అడ్రస్‌తో ఫోర్సైత్‌లో ఉన్నవాళ్లు ఎంతమందో. అపార్ట్‌మెంట్ నుంచి కొత్త ఇంటికి మారి పాలు పొంగించిన ఊపులో ఓటరు అడ్రస్ మార్చడం మర్చిపోతే, పోలింగ్ రోజు తప్పు కేంద్రంలో నిలబడతారు. సాయంత్రం 5 గంటల లోపు తప్పు కేంద్రంలో ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తేలాకే లెక్కించే తాత్కాలిక ఓటు) వేస్తే రాష్ట్రం 2021లో చేసిన చట్టం ప్రకారం అది లెక్కలోకి రాదు. మీ సొంత కేంద్రానికే వెళ్లాలి.

హద్దు గీత తప్పితే ఏమవుతుందో చూడండి. 2018లో ఈశాన్య జార్జియాలో 28వ రాష్ట్ర హౌస్ (మన అసెంబ్లీ లాంటిది) నియోజకవర్గం రిపబ్లికన్ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నిక. తేడా 67 ఓట్లు. హాబర్‌షామ్ కౌంటీలో కొందరికి పక్క నియోజకవర్గం బ్యాలెట్ ఇచ్చారని తేలింది. కోర్టు మళ్లీ ఎన్నిక పెట్టించింది. ఈసారి తేడా రెండే రెండు ఓట్లు. చెల్లని ఓట్లు నాలుగు పడ్డాయని మళ్లీ కోర్టు. 2019 ఏప్రిల్‌లో మూడోసారి పెడితే గానీ తేలలేదు.

ఓటు వేసే పద్ధతుల్లో నా సలహా ఒక్కటే: ఒంట్లో బాగుండి ఊళ్లో ఉన్నవాళ్లు ముందస్తు ఓటింగ్‌కే వెళ్లండి. అక్టోబర్ 13న మొదలై 30న ముగుస్తుంది. రెండు శనివారాలు తప్పనిసరిగా తెరుస్తారు, ఆదివారం కౌంటీ ఇష్టం. మీ కౌంటీలో ఏ ముందస్తు కేంద్రమైనా సరే. ఏదైనా తేడా వచ్చినా సరిదిద్దుకోవడానికి రోజులు మిగులుతాయి. తెరమీద ఎంచుకున్నాక యంత్రం కాగితం అచ్చు వేస్తుంది. దాన్ని స్కానర్‌లో పెట్టే ముందు ప్రతి పేరూ చదవండి. తప్పుంటే అక్కడి సిబ్బందికి చెబితే ఆ కాగితం రద్దుచేసి మళ్లీ వేయనిస్తారు. స్కానర్ మింగాక చేయగలిగింది లేదు.

పోస్టల్ బ్యాలెట్ కావాలంటే దరఖాస్తు ఎన్నికకు 11 రోజుల ముందే, అంటే అక్టోబర్ 23కల్లా కౌంటీకి చేరాలి. నింపిన బ్యాలెట్ పోలింగ్ రోజు సాయంత్రం 7 గంటలకల్లా ఆఫీసులో ఉండాలి. ఆ రోజు పోస్టులో వేశాం, ముద్ర పడింది అంటే కుదరదు. బయటి కవర్ మీద సంతకం, లైసెన్స్ నంబరు, పుట్టినతేదీ మూడూ ఉండాలి. నింపిన బ్యాలెట్ వేసే డ్రాప్ బాక్సులు ముందస్తు కేంద్రాల లోపలే, ఆ కేంద్రాలు తెరిచి ఉన్న వేళల్లోనే. చివరి సోమవారం, మంగళవారం అవి ఉండవు, నేరుగా కౌంటీ ఆఫీసుకు తీసుకెళ్లాలి. పొరపాటు ఉందని కౌంటీ నుంచి కబురొస్తే సరిదిద్దుకోవడానికి ఎన్నిక అయ్యాక మూడు రోజులే గడువు. తెలియని నంబరు అని ఆ ఫోన్ ఎత్తకపోవడం మనవాళ్ల అలవాటు, ఆ వారం మాత్రం ఎత్తండి.

పౌరులైన అమ్మానాన్నలు అక్టోబర్‌లో విజయవాడలోనో వరంగల్‌లోనో ఉంటే వాళ్లకు వేరే దారి ఉంది. విదేశంలో ఉన్న పౌరుల ఫెడరల్ పోస్ట్‌కార్డ్ దరఖాస్తు పంపితే ఎన్నికకు 45 రోజుల ముందే బ్యాలెట్ ఇస్తారు, ఆన్‌లైన్‌లో కూడా అందుకోవచ్చు. తిరిగి పంపడం మాత్రం పోస్టులోనే. ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లకు బూత్‌లో తోడు వెళ్లొచ్చు. యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప ఎవరినైనా సహాయకుడిగా తెచ్చుకునే హక్కు ఫెడరల్ చట్టంలోనే ఉంది. తెలుగు బ్యాలెట్ ఇక్కడ లేదు గనక ఈ హక్కు మనకు చాలా అవసరం.

పౌరసత్వం లేనివారికి ఒక మాట, ఇది తమాషా విషయం కాదు. లైసెన్స్ దగ్గర ఓటరు నమోదు ప్రశ్న వస్తే కాదనండి. గ్రీన్ కార్డు ఉన్నా సరే, ఓటు వేస్తే ఫెడరల్ నేరం, దేశం నుంచి పంపేసే దాకా వెళ్తుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదు, స్నేహితుడి పేరుమీద ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. గ్రీన్ కార్డు వాళ్లు ఇవ్వొచ్చు. విందు పెట్టి అభ్యర్థిని పిలిచి ఫొటోలు దిగే సంఘాల పెద్దలు ఈ ముక్క టిక్కెట్టు అమ్మేముందు చెప్పరు. చెప్పి తీరాలి.

బ్యాలెట్ మీద పైనున్న పేర్లు చూసి ఆగిపోకండి. మీ జార్జియా పవర్ బిల్లు నిర్ణయించే పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ఐదుగురు సభ్యులను రాష్ట్రమంతా ఎన్నుకుంటుంది. వోగ్టల్ అణువిద్యుత్ కేంద్రం మూడు, నాలుగు యూనిట్ల ఖర్చు మూడు వేల కోట్ల డాలర్లు దాటింది, ఆ భారం బిల్లుల్లోకి వచ్చింది. 2025 నవంబర్‌లో అలీషియా జాన్సన్, పీటర్ హబ్బర్డ్ ఆ కమిషన్‌కు గెలిచారు. ఫెడరల్ పదవులు కాని రాష్ట్రవ్యాప్త పదవిని డెమోక్రాట్లు గెలవడం 2006 తర్వాత అదే మొదటిసారి. కరెంటు బిల్లు చూసి వచ్చిన ఓట్లు అవి, ఇంకే కారణం చెప్పినా ఒప్పుకోను.

ఇంకొకటి, జార్జియాలో సగం దాటితేనే గెలుపు. దాటకపోతే 28 రోజులకు రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక. 2022లో సెనేట్ ఎన్నిక అలాగే డిసెంబర్ 6 దాకా సాగింది. ఈసారి వస్తే డిసెంబర్ 1. మధ్యలో కొత్తగా నమోదు చేసుకోవడానికి సమయమే ఉండదు, ముందస్తు ఓటింగ్ చాలావరకు థాంక్స్‌గివింగ్ వారంలో పడుతుంది. సరిగ్గా అప్పుడే మనవాళ్లు ఇండియా విమానం ఎక్కుతారు. 65 ఏళ్లు దాటినవాళ్లు పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తులో వయసు గడిలో టిక్ పెడితే ఆ ఏడాది రనాఫ్‌తో సహా అన్నిటికీ ఒకే దరఖాస్తు సరిపోతుంది. మిగతావాళ్లు రనాఫ్‌కు మళ్లీ వేరుగా అడగాలి.