65 దాటినా పిలుపు రాదేం? ఆస్ట్రేలియా పాయింట్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాల (సబ్‌క్లాస్ 189, 190, 491) మీద వచ్చిన ఉత్తరాల్లో పదేపదే కనిపించిన సందేహాలను ఈసారి ఏరాం. వయసు, ఇంగ్లిష్, చదువు, అనుభవం వంటివాటికి ఇచ్చే పాయింట్లను బట్టే ఈ వీసాలకు దరఖాస్తు చేసుకోమన్న ఆహ్వానం వస్తుంది. ఇలాంటి దరఖాస్తులను రోజూ చూసేవాళ్ళు జవాబులు రాశారు.

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. బీటెక్ కంప్యూటర్ సైన్స్ చేశాను. 2017 జూన్ నుంచి ఒకే కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. పెళ్ళి కాలేదు. పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షలో అన్నిటికంటే పై స్థాయి అయిన సుపీరియర్ స్కోరు ఉంది. వయసుకు 30, ఇంగ్లిష్‌కు 20, డిగ్రీకి 15, ఎనిమిదేళ్ళ అనుభవానికి 15, ఒంటరిగా ఉన్నందుకు 10, మొత్తం 90 అని నా లెక్క. ఏసీఎస్ (ఐటీవాళ్ళ నైపుణ్యాన్ని మదింపు చేసే ఆస్ట్రేలియా సంస్థ) ఇచ్చిన లెటర్ చూసిన మిత్రుడు మాత్రం 85 అంటున్నాడు. ఎవరి లెక్క సరైనది?

జవాబు: మీ మిత్రుడిదే. ఏసీఎస్ లెటర్ మళ్ళీ ఒకసారి తీసి చదవండి. మీ డిగ్రీకి, మీరు ఎంచుకున్న వృత్తికి దగ్గరి సంబంధం ఉందని తేలినా, మొదటి రెండేళ్ళ ఉద్యోగాన్ని ఆ వృత్తిలో అర్హత సంపాదించుకున్న కాలంగానే చూస్తారు. 2019 జూన్ తరువాత చేసిన పనినే నైపుణ్యం గల ఉద్యోగంగా గుర్తిస్తున్నట్టు అందులో ఒక వాక్యం ఉంటుంది. పాయింట్లకు పనికొచ్చేది ఆ తేదీ తరువాతి కాలమే. డిగ్రీలో కంప్యూటర్ సబ్జెక్టులు ఉన్నా వృత్తితో దగ్గరి సంబంధం లేదనుకుంటే రెండేళ్ళకు బదులు నాలుగేళ్ళు పోతాయి.

విదేశీ అనుభవం 3 ఏళ్ళు నిండితే 5 పాయింట్లు, 5 నిండితే 10, 8 నిండితే 15. మీకు ఐదు దాటింది, ఎనిమిది నిండలేదు. అందుకే 10. మిగతా 5 పాయింట్లు 2027 జూలైలో కలుస్తాయి. ఈలోగా 33 నిండితే వయసు పాయింట్లు 30 నుంచి 25కు పడిపోతాయి. ఏది ముందొస్తుందో క్యాలెండర్ దగ్గర పెట్టుకుని చూసుకోండి.

స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ఈఓఐ (వీసాపై ఆసక్తి తెలిపే ఫారం) నింపేటప్పుడు ఒకే కంపెనీ అయినా ఉద్యోగాన్ని రెండు ముక్కలుగా చూపించాలి. 2017 జూన్ నుంచి 2019 జూన్ చివరి దాకా ఒక ఎంట్రీ, దానికి 'వృత్తికి సంబంధించినదా' అన్నచోట 'కాదు'. 2019 జూలై 1 నుంచి రెండో ఎంట్రీ, దానికి 'అవును'. మొత్తం ఒకే ఎంట్రీగా 'అవును' అని పెడితే సిస్టమ్ దానంతట అదే 15 వేసి 90 చూపిస్తుంది. మీరిచ్చిన తేదీలను అది కూడి చూపిస్తుందంతే, నిజానిజాలు పరిశీలించదు.

ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకునే వీలుండదు. 90తో ఆహ్వానం వచ్చి, మీరు ఫీజు కట్టాక కేస్ ఆఫీసరు 85 అని తేలిస్తే, ఆ రౌండులో 85కే పిలిచారన్న వాదన పనిచేయదు. ఆహ్వానంలో రాసి ఉన్న స్కోరు కంటే ఒక్క పాయింటు తగ్గినా వీసా తిరస్కరిస్తారు. ఆహ్వానం వచ్చాక ఈఓఐని మార్చనివ్వరు. 2025 జూలైలో నిర్ణయించిన ఫీజు ప్రధాన దరఖాస్తుదారుకే 4,910 ఆస్ట్రేలియన్ డాలర్లు. అది వెనక్కి రాదు. పాయింట్లు తప్పుగా పెట్టారని గమనించకముందే ఆహ్వానం వచ్చిపడితే, దాన్ని వాడకుండా 60 రోజుల గడువు దాటనివ్వడమే తక్కువ నష్టం. అయితే రెండు ఆహ్వానాలు అలా వదిలేస్తే ఆ ఈఓఐ రద్దవుతుంది.

మరో మాట. ఇప్పటి ఉద్యోగానికి ముగింపు తేదీ ఖాళీగా వదిలితే నెలలు గడిచేకొద్దీ అనుభవం తనంతట పెరుగుతుంటుంది. కంపెనీ మారినా, మేనేజరుగా ప్రమోషన్ వచ్చి పని స్వభావం మారినా ఆ రోజే లాగిన్ అయి తేదీ వేయండి.

ప్రశ్న: సివిల్ ఇంజినీరుని. 70 పాయింట్లతో 189కి ఈఓఐ వేసి ఏడాది దాటింది. అర్హత మార్కు 65 అయినప్పుడు నాకు ఎందుకు రావడం లేదు?

జవాబు: 65 ఉంటే ఈఓఐ వేయవచ్చు, అంతే. ఆ తరువాత అంతా ర్యాంకింగే. ప్రతి రౌండులో వృత్తులవారీగా ఎక్కువ స్కోరున్నవాళ్ళను ముందు పిలుస్తారు. స్కోరు సమానమైతే ఆ స్కోరుకు ముందుగా చేరినవాళ్ళకు ప్రాధాన్యం. దీన్ని 'డేట్ ఆఫ్ ఎఫెక్ట్' అంటారు. మీ పాయింట్లు మారిన ప్రతిసారీ ఈ తేదీ కూడా మారుతుంది. ఐటీ, అకౌంటింగ్ వంటి రద్దీ వృత్తుల్లో 65తో పిలుపు ఆశించడం వృథా. నర్సులు, టీచర్ల పరిస్థితి వేరు, వాళ్ళను ఇంజినీర్ల కంటే తక్కువ స్కోరుకే పిలిచిన సందర్భాలున్నాయి.

70తో ఉన్న మీరు 189 ఒక్కదాన్నే నమ్ముకోవడం మాకు సరిగా తోచడం లేదు. రాష్ట్ర నామినేషన్ ఉండే 190కి 5 పాయింట్లు కలుస్తాయి, 75 అవుతాయి. ప్రాంతీయ వీసా 491కి 15 కలిసి 85 అవుతాయి. రాష్ట్రాల పద్ధతులు మాత్రం ఒకటి కావు. విక్టోరియాకు ఈఓఐ వేసి ఊరుకుంటే చాలదు, ఆ రాష్ట్ర పోర్టల్‌లో ఆసక్తి నమోదు విడిగా చేయాలి. న్యూ సౌత్ వేల్స్ 190కి అభ్యర్థులను స్కిల్‌సెలెక్ట్ నుంచి తానే ఎంచుకుంటుంది. అన్ని రాష్ట్రాలకూ కలిపి ఒకే ఈఓఐ వేసే కంటే రాష్ట్రానికొకటి వేసుకోవడం మేలు. ఈఓఐకి ఫీజు లేదు. రెండేళ్ళు చెల్లుతుంది.

491 అంటే ఎడారిలో పడేస్తారని చాలామందికి భయం. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగర ప్రాంతాలు తప్ప మిగతా దేశమంతా వీసా లెక్కలో 'ప్రాంతీయమే'. అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా, గోల్డ్ కోస్ట్, న్యూకాజిల్, జీలాంగ్ అన్నీ అందులోకే వస్తాయి. ఇది ఐదేళ్ళ తాత్కాలిక వీసా. ఆ ప్రాంతాల్లోనే ఉంటూ, పనిచేస్తూ, మూడేళ్ళ ఆదాయపు పన్ను అసెస్‌మెంట్లు చూపించగలిగితే సబ్‌క్లాస్ 191 ద్వారా శాశ్వత నివాసానికి (పీఆర్) వెళ్ళవచ్చు. రాష్ట్రం కాకుండా, ప్రాంతీయ నగరంలో స్థిరపడి పీఆర్ లేదా పౌరసత్వం ఉన్న అన్న, అక్క, బాబాయి, మేనత్త, కజిన్ స్పాన్సర్ చేసినా అవే 15 పాయింట్లు. అలా చేయాలంటే మీ వృత్తి ఆస్ట్రేలియాకు దీర్ఘకాలంగా అవసరమయ్యే నైపుణ్య వృత్తుల జాబితాలో ఉండాలి. సివిల్ ఇంజినీర్ అందులో ఉంది.

ప్రశ్న: పీటీఈలో నాలుగు విభాగాల్లోనూ 79 వస్తే 20 పాయింట్లు అని కోచింగ్‌లో చెప్పారు. నిజమేనా?

జవాబు: పాత లెక్క. 2025 ఆగస్టు 7న గానీ ఆ తరువాత గానీ రాసిన పరీక్షలకు విభాగాన్నిబట్టి మార్కు మారింది. సుపీరియర్‌కు లిజనింగ్ 69, రీడింగ్ 70, రైటింగ్ 85, స్పీకింగ్ 88 కావాలి. 10 పాయింట్లిచ్చే ప్రొఫిషియెంట్‌కు అదే వరుసలో 58, 59, 69, 76. అంటే చదవడం, వినడం తేలికయ్యాయి, మాట్లాడటం, రాయడం కష్టమయ్యాయి. పాత మెటీరియల్‌తో నాలుగింటికీ సమానంగా సాధన చేస్తుంటే ఆ సమయాన్ని స్పీకింగ్ వైపు మళ్ళించండి. ఐఈఎల్టీఎస్‌లో పద్ధతి మారలేదు: నాలుగింటిలోనూ 8 వస్తే 20, నాలుగింటిలోనూ 7 వస్తే 10. ఓవరాల్ స్కోరు ఎవరూ చూడరు. 9, 9, 8 వచ్చి రైటింగ్‌లో 7.5 దగ్గర ఆగినా దక్కేది 10 పాయింట్లే. ఆహ్వానం వచ్చే రోజుకు పరీక్ష రాసి మూడేళ్ళు దాటకూడదు.

ప్రశ్న: నేను నర్సుని, మావారు అకౌంటెంటు. ఆయన ఇంగ్లిష్ పరీక్ష రాయనంటున్నారు. ఆయన్ని దరఖాస్తులో చేర్చకపోతే నన్ను ఒంటరిగా లెక్కించి 10 పాయింట్లు ఇస్తారా?

జవాబు: ఇవ్వరు. పెళ్ళయిన మనిషి భర్తను దరఖాస్తులో చూపకపోయినంత మాత్రాన ఒంటరి కాదు. ఆ 10 పాయింట్లు జీవిత భాగస్వామి లేనివారికి, లేదా భాగస్వామి ఇప్పటికే ఆస్ట్రేలియా పౌరులో పీఆరో అయినవారికి. ఆయన్ని చేర్చకుండా వేస్తే మీకు వచ్చేది సున్నా.

ఆయన దరఖాస్తులో ఉండి, ఐఈఎల్టీఎస్‌లో నాలుగింటా 6 తెచ్చుకుంటే 5 పాయింట్లు. దానికి తోడు వయసు 45 లోపు ఉండి, ఆయన వృత్తి కూడా మీ వృత్తి ఉన్న జాబితాలోనే ఉండి, అకౌంటింగ్ సంస్థ నుంచి స్కిల్స్ అసెస్‌మెంట్ పాజిటివ్‌గా వస్తే 10. ఇవన్నీ ఆహ్వానం తేదీకి ముందే చేతిలో ఉండాలి. తరువాత తెచ్చి చూపిస్తామంటే కుదరదు. పరీక్ష అస్సలు రాయకపోతే పాయింట్లు పోవడంతో ఆగదు. ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు రుజువు లాంటిదేదీ లేనిపక్షంలో, వీసా మంజూరుకు ముందు ఆయన పేరున వేలాది డాలర్ల రెండో విడత ఫీజు అడుగుతారు. పరీక్ష ఫీజుతో పోలిస్తే అది చాలా పెద్ద మొత్తం. ఈ తేడా ఆయన ముందు పెట్టి చూడండి.

ఈ ఉత్తరంతో పాటు పెళ్ళి కుదిరినవాళ్ళ నుంచి వచ్చిన ప్రశ్న కూడా ఉంది కనుక ఇక్కడే చెబుతాం. ఆహ్వానం అందిన రోజున ఎలా ఉన్నారన్నదే లెక్క. ఆహ్వానానికి ముందు పెళ్ళయితే ఆ రోజే ఈఓఐ మార్చాలి. ఆహ్వానం తరువాత పెళ్ళయితే పాయింట్లు పోవు.

ప్రశ్న: తెలుగు వస్తే 5 పాయింట్లు ఇస్తారని విన్నాను. ఇంట్లో మాట్లాడే తెలుగు సరిపోతుందా?

జవాబు: ఇస్తారు. అనువాదకులకు గుర్తింపు ఇచ్చే నాటీ అనే సంస్థ ఆన్‌లైన్‌లో నిర్వహించే సీసీఎల్ పరీక్షలో తెలుగు ఉంది. ఇంగ్లిష్ మాట్లాడే అధికారికి, తెలుగు మాట్లాడే మనిషికి మధ్య రెండు సంభాషణలు వినిపిస్తారు. ఒక్కోటి దాదాపు 300 పదాలు. 35 పదాలకు మించని ముక్కలుగా వస్తాయి. ఇంగ్లిష్ ముక్కను తెలుగులోకి, తెలుగు ముక్కను ఇంగ్లిష్‌లోకి మీరు అప్పటికప్పుడు చెప్పాలి. సంభాషణకు 45 చొప్పున మొత్తం 90 మార్కులు. పాస్ కావాలంటే 63 రావాలి, ఏ ఒక్క సంభాషణలోనూ 29కి తగ్గకూడదు.

ఇంటి తెలుగుతోనే ఫెయిలయ్యేవాళ్ళు ఎక్కువ. కారణం భాష రాకపోవడం కాదు, జారవిడవడం. 'గురువారం ఉదయం పదిన్నరకు రెండు ఫొటో గుర్తింపు కార్డులతో రండి' అన్న వాక్యంలో 'రెండు' పోయినా, 'ఫొటో' పోయినా మార్కులు కోస్తారు. వేగంగా నోట్స్ రాసుకోవడం సాధన చేయండి. అంకెలు, వారాలు, మందుల మోతాదులు, కట్టాల్సిన మొత్తాలు తప్పకుండా కాగితం మీద పడాలి. మాట్లాడేవాడు 'నేను' అంటే మీరూ 'నేను' అనే చెప్పాలి, 'ఆయన ఏమంటున్నాడంటే' అని మొదలుపెట్టకండి. తెలుగు చెప్పేటప్పుడు అలవాటుగా దొర్లే ఇంగ్లిష్ మాటలు కూడా ఇక్కడ నష్టమే. అద్దె ఒప్పందం, బీమా పాలసీ, కోర్టు వాయిదా, ప్రభుత్వ భృతి వంటి విషయాల మీద పది పదిహేను సంభాషణలు గొంతెత్తి చేసి రికార్డు చేసుకుని వింటే తేడా తెలుస్తుంది. ఫలితం మూడేళ్ళు చెల్లుతుంది.

ప్రశ్న: నా పాత కంపెనీ హెచ్‌ఆర్ రిలీవింగ్ లెటర్ తప్ప ఇంకేమీ ఇవ్వనంటోంది. ఒక కన్సల్టెంటు డబ్బిస్తే రోల్స్‌తో సహా లెటర్‌హెడ్ మీద తయారుచేసి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకండి. నైపుణ్యాన్ని మదింపు చేసే సంస్థలూ, వీసాలు చూసే హోమ్ అఫైర్స్ శాఖా నేరుగా కంపెనీని సంప్రదించి అడుగుతాయి. నకిలీ పత్రమని తేలితే పీఐసీ 4020 అనే నిబంధన కింద వీసా తిరస్కరించడమే కాదు, ఆ నిబంధన వర్తించే ఏ ఆస్ట్రేలియా వీసా కూడా మూడేళ్ళ పాటు దక్కదు. దరఖాస్తులో ఉన్న భార్యాభర్తలిద్దరికీ దెబ్బే.

అసలు దారి ఉంది. హెచ్‌ఆర్ ఇవ్వకపోతే మీ పాత మేనేజరు గానీ, మీతో పనిచేసిన సీనియరు గానీ మీ పని గురించి ప్రమాణ పత్రం రాయవచ్చు. అఫిడవిట్‌గా రాసి నోటరీ చేయించాలి. అందులో ఆయనకు మీతో ఉన్న సంబంధం, మీ హోదా, చేరిన తేదీ, మానిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, మీరు చేసిన పనులు, ఆయన ఫోన్ నంబరు, కంపెనీ ఈమెయిల్ ఉండాలి. జీతం తీసుకున్న పని, వారానికి కనీసం 20 గంటలు అయితేనే పాయింట్లకు లెక్క. కాబట్టి గంటల మాట విడిచిపెట్టకండి. దీనికి తోడుగా నియామక పత్రం, రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. వీటిలో తేదీలు ఒకదానితో ఒకటి కలవాలి. అఫిడవిట్‌లో మార్చి 31 అనీ, రిలీవింగ్ లెటర్‌లో ఏప్రిల్ 4 అనీ ఉంటే ఆ నాలుగు రోజుల కోసమే ఫైలు ఆగుతుంది.

పనుల వివరణ ఆస్ట్రేలియా వృత్తుల జాబితాలోంచి మక్కికి మక్కి దించకూడదు. ఏ టెక్నాలజీ మీద, ఏ మాడ్యూల్ మీద, ఎవరికి రిపోర్టు చేస్తూ పనిచేశారో రాయించండి. ఇంజినీర్లు తమ నైపుణ్య మదింపు కోసం ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థకు పంపే మూడు కెరీర్ ఎపిసోడ్లకూ (చేసిన పనుల గురించి రాసే వ్యాసాలకూ) ఇదే వర్తిస్తుంది. కొనుక్కున్న ఎపిసోడ్లు కాపీ అని దొరికితే మళ్ళీ దరఖాస్తు చేయనీయకుండా నిషేధం పెడతారు.

కన్సల్టెంటు సాయం తప్పనిసరి అనుకుంటే ఆయన ఎంఏఆర్‌ఎన్ నంబరు అడిగి, ఆస్ట్రేలియా మైగ్రేషన్ ఏజెంట్ల రిజిస్టర్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. ఆస్ట్రేలియా బయట ఉన్న ఏజెంటుకు రిజిస్ట్రేషన్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ లేనివాడి మీద అక్కడ ఫిర్యాదు చేసే వీలు మీకుండదు. వీసా దరఖాస్తు వేసే ఇమ్మిఅకౌంట్‌వీ, స్కిల్‌సెలెక్ట్‌వీ పాస్‌వర్డులు మీ దగ్గర కూడా ఉండాలని మొదటి రోజే చెప్పండి. ఫైలులో మీ పేరున ఏం ఎక్కించారో సబ్‌మిట్ చేయకముందే ప్రతి పేజీ చూడండి.