టర్న్‌టేబుల్ కొనడానికి చేతిలో ఉన్న కంట్రోలర్ అమ్మేయొచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. తిరుపతిలో పెళ్ళిళ్ళకు, రిసెప్షన్లకు డీజే ప్రోగ్రాములు చేస్తున్నావు. చేతిలో ఒక కంట్రోలర్, అంటే లాప్‌టాప్‌లోని పాటలను చేత్తో నడిపించే పెట్టె, లాప్‌టాప్ ఉన్నాయి. వీడియోలు చూసి చూసి టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్ మీద, అంటే రికార్డులు తిప్పే ప్లేయర్ మీద మనసు పడింది. కంట్రోలర్ అమ్మేసి, తక్కువ పడింది వడ్డీకి తెచ్చి జత కొనేయనా అంటున్నావు.

అమ్మొద్దు. వడ్డీకి అసలే తేవద్దు. కొనడం మాత్రం కొను, అదీ ఒక్కటే. ఉన్న కంట్రోలర్ పక్కన పెట్టుకుని వాడు. నేను పుట్టింది చిత్తూరు, సౌండ్ సర్వీసు నడిపేది తిరుపతిలో. చీటీ డబ్బుతో కొన్న 1200 మా ఇంట్లో ఇప్పటికీ తిరుగుతోంది. కాబట్టి నీ పిచ్చిని తప్పు పట్టే అర్హత నాకు లేదు.

ఆ పిచ్చికి కారణం కూడా ఉంది. ఈ 1200ను, పూర్తి పేరు ఎస్ఎల్-1200, జపాన్‌లోని మత్సుషితా కంపెనీ, అంటే ఇప్పటి పానాసోనిక్, టెక్నిక్స్ బ్రాండు మీద 1972లో తెచ్చింది. తెచ్చింది డీజేల కోసం కాదు, ఇంట్లో కూర్చుని పాటలు వినేవాళ్ళ కోసం. అప్పటిదాకా చాలా టర్న్‌టేబుళ్ళలో మోటారు ఒక మూల ఉండి, రబ్బరు బెల్టుతో ప్లాటర్‌ను, అంటే రికార్డు పెట్టే పళ్ళేన్ని తిప్పేది. చేత్తో రికార్డును ఆపితే బెల్టు జారుతుంది, వదిలితే స్పీడు అందుకోవడానికి టైమ్ పడుతుంది. 1200లో బెల్టు లేదు, ప్లాటర్ నేరుగా మోటారు మీదే కూర్చుంటుంది. దీన్నే డైరెక్ట్ డ్రైవ్ అంటారు. ఇక న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే కుర్రాడు చెల్లెలి పార్టీలో పాటల మధ్య డప్పుల ముక్కలను ఆడించాడు. అలాంటి ఒక్కో ముక్కను రెండు టర్న్‌టేబుళ్ళ మీద అదే రికార్డు రెండు కాపీలు పెట్టి సాగదీయడం అతనితోనే పేరుకెక్కింది. హిప్‌హాప్ అక్కడ పుట్టిందంటారు. 1979లో ఎంకే2 మోడల్ వచ్చింది. స్పీడు పెంచి తగ్గించడానికి పక్కన పైకీ కిందకీ జరిపే పిచ్ స్లైడర్ దానితోనే వచ్చింది. ఇవాళ నువ్వు వీడియోల్లో చూసే రూపం అదే. 2010లో తయారీ ఆపేశారు, 2016లో మళ్ళీ మొదలుపెట్టారు, 2019లో డీజేల కోసం ఎంకే7 తెచ్చారు.

వీడియోలో కనపడనిది ఒకటి చెబుతాను. ప్లాటర్ అంచు చుట్టూ నాలుగు వరసల చుక్కలు ఉంటాయి. పక్కనున్న ఎర్ర లైటు వాటి మీద పడుతుంటుంది. స్పీడు సరిగ్గా సున్నా దగ్గర ఉంటే పెద్ద చుక్కల వరస కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. స్లైడర్ వెంట్రుకవాసి జరిపితే చాలు, చుక్కలు నెమ్మదిగా నడవడం మొదలుపెడతాయి. రికార్డు కింద స్లిప్‌మ్యాట్ అనే పలుచటి ఫెల్టు బట్ట ఉంటుంది. అందుకే వేలితో రికార్డును పట్టుకుంటే రికార్డు ఆగుతుంది, కింద ప్లాటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వదలగానే రికార్డు స్పీడు అందుకుంటుంది. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక పాట డప్పు మీద ఇంకో పాట డప్పు కూర్చునేదాకా వేలి కొసతో ప్లాటర్ అంచును ముట్టీ ముట్టనట్టు తాకుతూ సరిచేసుకోవాలి. రెండు పాటల స్పీడును దానంతటదే కలిపే సింక్ బటన్ నొక్కే అలవాటున్నవాడికి మొదట చిరాకేస్తుంది. కానీ చెవి తయారయ్యేది అక్కడే. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకు నేను నేర్పేదీ దాని మీదే.

అయినా అది నీకు అన్నం పెట్టదు. పెళ్ళి పందిట్లో స్టేజీ అంటే చెక్కల మీద పరిచిన కార్పెట్. పదిమంది ఎక్కి గెంతితే నీడిల్ ఎగిరిపోతుంది. దగ్గర్లో బేస్ బాక్సులుంటే ఆ అదురు టేబుల్ గుండా నీడిల్‌లోకి ఎక్కి, అదే మళ్ళీ స్పీకర్లోంచి వచ్చి, బొయ్యిమని ఊళ పెడుతుంది. పెద్ద క్లబ్బుల్లో దీనికోసమే బరువైన బల్లలు, రబ్బరు దిండ్లు వేస్తారు. తిరుచానూరు రోడ్డు కళ్యాణమండపంలో మనకు ఇచ్చేది మడత టేబుల్. డీజే బండి మీద అయితే చెప్పనే అక్కర్లేదు. పైగా మన జనం అడిగే పాటలు రికార్డుల్లో దొరకవు. పెళ్ళికొడుకు మేనమామ చెన్నై వైపు నుంచి వచ్చి ఉంటాడు, తమిళ కుత్తు వెయ్యమంటాడు. వెంటనే ఇంకెవరో నిన్న రిలీజైన తెలుగు పాట అడుగుతారు. హెచ్‌ఎంవీ వాళ్ళ పాత తెలుగు రికార్డులు ముచ్చటగా ఉంటాయి గానీ వాటితో బరాత్ నడవదు.

ఈ పాటల ఇబ్బందికి ఒక దారి ఉంది, టైమ్‌కోడ్ రికార్డు. దాని మీద పాట ఉండదు, సన్నటి కూత లాంటి సిగ్నల్ మాత్రమే ఉంటుంది. నీడిల్ దాన్ని చదివి పంపితే, రికార్డు ఎంత స్పీడుతో, ముందుకా వెనక్కా, ఎక్కడ తిరుగుతోందో సాఫ్ట్‌వేర్ పట్టేసి, లాప్‌టాప్‌లోని పాటను అలాగే నడిపిస్తుంది. సెరాటో వాళ్ళు 2004లో తెచ్చిన స్క్రాచ్ లైవ్‌తో ఇది బాగా పాకింది. నీ కంట్రోలర్‌గానీ మిక్సర్‌గానీ దీన్ని సపోర్ట్ చేయాలి, కొనేముందు అది చూసుకో. అప్పుడు ఏ తమిళ పాటైనా నీ వేళ్ళ కిందే తిరుగుతుంది.

ఒక్కటే కొను అన్నది అందుకే. కంట్రోలర్‌లో ఒక వైపు పాట నడుస్తుంటుంది, రెండో వైపుకు టర్న్‌టేబుల్ కలుపుతావు. సింక్ బటన్ ముట్టుకోకుండా చెవితోనే కలపాలి. జత కొనేదాకా ఆగితే ఈ సాధన అంతకాలం వెనకబడుతుంది. ఆర్నెల్లు ఒక్కదానితో గడిపాక కూడా రెండోది కావాలనిపిస్తే అప్పుడు కొను. చాలామందికి అనిపించదు.

డబ్బు విషయానికొద్దాం. కొత్త ఎంకే7 మన దగ్గర లక్ష పైమాటే. మన ఆదాయం పంచాంగం చేతిలో ఉంటుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం కళకళలాడతాయి. ఆషాఢంలో ఫోన్ మోగదు. మూఢం వస్తే అంతే సంగతులు. భాద్రపదంలో వినాయక చవితి ఉంది గానీ, పోలీసు పర్మిషన్ వస్తుందో లేదో, రాత్రి పదికి ఆపమంటారో, బాక్సులు ఎన్ని తగ్గించమంటారో చివరి గంటదాకా తేలదు. దాన్ని నమ్ముకుని లెక్క వేయకు. నెలకింత అని కాకుండా ప్రోగ్రాముకింత అని తీసిపెట్టు. అడ్వాన్స్ ఇంటి ఖర్చుకు, బ్యాలెన్స్‌లో నాలుగో వంతు టర్న్‌టేబుల్‌కు అనుకో. నాకు పనికొచ్చిన లెక్క అదే.

చీటీ మంచిదే. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష చీటీ అనుకుందాం. మొదటి నెలల్లో ఆత్రపడి పాడితే ఇరవై, ఇరవై ఐదు వేలు వదులుకుని ఎత్తాలి. ఆ వదులుకున్నది మిగతావాళ్ళకు పంచుతారు. నువ్వు ఆగే వైపు ఉండు, చివర్లో ఎత్తు. కమిషన్ పోను దాదాపు మొత్తం వస్తుంది, మధ్యలో పంచిన డబ్బూ కలిసొస్తుంది. ఆషాఢంలోనూ కంతు కట్టాలి కాబట్టి రెండు మూడు కంతులు చేతిలో పెట్టుకుని చేరు. రిజిస్టర్ అయిన చీటీలోనే చేరు. పక్కింటి అక్క వేస్తోంది, బాగా తెలిసినావిడే అంటే నేనైతే చేరను.

అంత పెట్టలేకపోతే పయొనీర్ పీఎల్ఎక్స్-500, ఆడియో-టెక్నికా ఎల్‌పీ120 ఉన్నాయి. రెండూ డైరెక్ట్ డ్రైవే, ధర బాగా తక్కువ, నీడిల్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంటుంది. 1200 అంత గట్టివి కావు గానీ నేర్చుకోవడానికి నిక్షేపంగా సరిపోతాయి.

సెకండ్‌హ్యాండ్ 1200 అయితే ఫొటో చూసి డబ్బు పంపకు. చెన్నై, బెంగళూరు మనకు దూరమేం కాదు, రైలెక్కి వెళ్ళి చేత్తో ముట్టుకుని చూడు. ముందు వెనకవైపు వోల్టేజీ చదువు. జపాన్‌లో అమ్మిన సెట్లు 100 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే పొగే. చెన్నైలో ఒకాయన అలాంటి సెట్టే నాకు మాట మాత్రం చెప్పకుండా అంటగట్టబోయాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుకోవచ్చు, కాకపోతే ధరలో దాన్ని తగ్గించుకోవాలి. తర్వాత టోన్‌ఆర్మ్‌ను, అంటే నీడిల్ ఉండే కడ్డీని మెల్లగా పట్టుకుని అటూ ఇటూ కదుపు. బేరింగ్ దగ్గర లొడలొడ అంటే వదిలేయ్, ఆ రిపేరు మన ఊళ్ళో కష్టం. స్లైడర్‌ను సున్నాకు కాస్త పైకీ కిందకీ నిదానంగా జరుపుతూ చుక్కలు చూడు, అవి ఉన్నట్టుండి గెంతకూడదు. పాత మోడళ్ళలో ఆడియో వైరు లోపలికే అతికి ఉంటుంది, మొదట్లో మెలితిప్పి చూస్తే ఒక వైపు సౌండ్ పోతోందా లేదా తెలిసిపోతుంది. మూత పగిలినా, గీతలున్నా పట్టించుకోకు, వాటిని చూపించి బేరమాడు. నీడిల్ మాత్రం కొత్తది వేసుకోవాల్సిందే, బడ్జెట్‌లో దాని ఖర్చు ముందే కలుపుకో.

ఇంటికి తెచ్చాక గుయ్ మని హమ్ వస్తే కంగారుపడకు. ఆడియో వైరుతో పాటు సన్నటి ఎర్త్ వైరు ఒకటి ఉంటుంది, దాన్ని మిక్సర్ వెనక జీఎన్‌డీ అని ఉన్న స్క్రూకు బిగిస్తే మామూలుగా పోతుంది. నీ కంట్రోలర్ వెనక ఫోనో అని రాసిన సాకెట్ లేకపోతే 1200ను నేరుగా కలిపినా సౌండ్ పీలగా, బేస్ లేకుండా వస్తుంది. అప్పుడు విడిగా ప్రీయాంప్ కావాలి. నీ కంట్రోలర్ మోడల్ ఏదో కింద రాయి, ఏది కొనాలో చెబుతాను.