హిప్పోడన్ మొదటి టర్న్‌కే పోతోంది అన్నా!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పోకేమాన్ బ్యాటిల్స్ మీదే, అందులోనూ దాదాపు అన్నీ ఒకటే బాధ, డిఫెన్స్ టీమ్ కట్టుకున్నాం గానీ మొదటి రెండు మూడు టర్నుల్లోనే కూలిపోతోంది అని. అందుకే వేరే గేముల ప్రశ్నలు వచ్చే నెలకి జరిపేసి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అన్నా, నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల ఉంటా, బీటెక్ సెకండ్ ఇయర్. షోడౌన్‌ల (ఆన్‌లైన్‌ల పోకేమాన్ బ్యాటిల్స్ ఆడే సైట్) సింగిల్స్, అంటే ఒకదానికి ఒకటి, ఆడుతున్న. కార్వినైట్, టాక్సాపెక్స్, హిప్పోడన్ మూడూ ఉన్నయి టీమ్‌ల. అందరు చెప్పినట్టే హిప్పోడన్‌ని లీడ్ పెట్టి, అంటే అందరికన్న ముందు దింపి, మొదటి టర్న్‌కే స్టెల్త్ రాక్ (అవతల దిగే ప్రతి పోకేమాన్‌కి గుచ్చుకునే రాళ్ళు) వేస్త, అవతలోడు గడ్డి టైపు మియావ్‌స్కరాడానో, ఏదన్న నీళ్ళ పోకేమానో ముందు పెట్టి గట్టిగ కొడ్తడు. రాక్ అయితే పడ్తది గానీ హిప్పోడన్ సగం సచ్చినట్టే, ఇగ మిగతా ఆటంత అవస్థనే. లీడ్ మార్చాల్నా, టీమే మార్చాల్నా?

జవాబు: టీమ్ ముట్టుకోకు తమ్ముడూ. ఆ మూడూ కలిస్తే ఎంత మంచి జట్టో నీకు ఇంకా తెలిసినట్టు లేదు. మూడు రాళ్ళ పొయ్యి చూశావా ఊళ్ళో, ఏ రాయి తీసినా గిన్నె ఒరిగిపోతుంది, ఇవీ అంతే. కార్వినైట్‌కి కరెంటు, నిప్పు పడవు. కరెంటు వస్తుందనుకుంటే హిప్పోడన్ వస్తాడు, నేల టైపు కాబట్టి ఒక్క పాయింట్ కూడా తగలదు. నిప్పు వస్తే టాక్సాపెక్స్, సగమే తగులుతుంది. టాక్సాపెక్స్‌కి కరెంటు, నేల, సైకిక్ పడవు, కరెంటుకి మళ్ళీ హిప్పోడన్, నేల దెబ్బ కార్వినైట్‌కి తగలనే తగలదు ఎగురుతుంది కాబట్టి, సైకిక్ స్టీల్ మీద సగమే. హిప్పోడన్‌కి నీళ్ళు, గడ్డి, మంచు పడవు, నీళ్ళకీ మంచుకీ టాక్సాపెక్స్, గడ్డికి కార్వినైట్, అది నాలుగో వంతే తింటుంది. చూశావా, ఒకడికి పడనిది ఇంకొకడు ఆపుతాడు, ఎక్కడా ఖాళీ లేదు.

మరి తప్పు ఎక్కడంటే, మొదటి టర్న్‌లోనే రాక్ పడాలి అనే పట్టుదలలో ఉంది. అది పాత రోజుల అలవాటు. 2010లో బ్లాక్, వైట్ గేములు వచ్చేదాకా ఆట మొదలవకముందు అవతలివాడి టీమ్ కనిపించేది కాదు, గుడ్డిగా ఒకడిని ముందుకు తోయాలి, అందుకే అప్పుడు లీడ్ అంటేనే ఒక ప్రత్యేకమైన ఉద్యోగం, వచ్చి రాక్ వేసి చచ్చిపోవడమే దాని పని. ఇప్పుడు ఆరుగురూ ముందే కళ్ళ ముందు కనిపిస్తారు. ఆ స్క్రీన్ మీద టైమ్ తీస్కో, వాళ్ళ ఆరుగురిలో నీ హిప్పోడన్‌ని ఎవరు చంపగలరో, వాళ్ళలో ఎవరు లీడ్ రావచ్చో చూసి అప్పుడు నొక్కు. నీ ఆటలో హిప్పోడన్ ఒక్కడే రాక్ వేసేవాడైతే వాడు నీకు మొదటి టర్న్‌లో కన్నా పదిహేనో టర్న్‌లో ఎక్కువ అవసరం.

నేనైతే మియావ్‌స్కరాడా కనిపిస్తే కార్వినైట్‌నే లీడ్ పెడతా. మియావ్‌స్కరాడా స్పీడ్ 123, హిప్పోడన్‌ది 47, ముందు కొట్టేది అదే అనడంలో డౌట్ లేదు కాబట్టి ఆ దెబ్బ ఎవరి మీద పడాలో మనమే డిసైడ్ చేసుకోవాలి. దాని గడ్డి దెబ్బ ఫ్లవర్ ట్రిక్ గురి తప్పదు, ప్రతిసారీ క్రిటికలే, అయినా కార్వినైట్ మీద నాలుగో వంతే. నాక్ ఆఫ్ కొడితే మాత్రం చేతిలో ఐటమ్ పోతుంది, అది నిజంగా నష్టమే, అందుకే నేను కార్వినైట్‌కి లెఫ్టోవర్స్ (టర్న్ టర్న్‌కీ కాస్త ప్రాణం నింపే ఐటమ్) ఇవ్వకుండా, తాకినవాడికే దెబ్బ తగిలించే రాకీ హెల్మెట్ ఇస్తా, యూ టర్న్‌తో తాకి పారిపోదామనుకున్నా మియావ్‌స్కరాడా హెచ్‌పీలో (ప్రాణంలో) ఆరో వంతు పోతుంది.

రాక్ ఎప్పుడు వేయాలి అంటావా, దీనికి మొన్న ఆదివారం నాటి ఆట చెప్తా. నారాయణగూడలో ఇరానీ హోటల్లో నేను, నా ఫ్రెండ్ ఎదురెదురుగా కూర్చుని ఫోన్లో షోడౌన్ పెట్టుకున్నాం, చాయ్ గ్లాసుకి ఆనించి. నేను కార్వినైట్ లీడ్, వాడు వాష్ రోటామ్. కరెంటు, నీళ్ళు రెండూ ఉన్న పోకేమాన్, పైగా గాల్లో తేలుతుంది కాబట్టి నా నేల దెబ్బ ఎర్త్‌క్వేక్ దానికి తగలదు. వాడి వేలు వోల్ట్ స్విచ్ (కరెంటు దెబ్బ కొట్టి వెంటనే ఇంకొకడికి మారిపోయే మూవ్) మీదే ఉంటుందని తెలుసు, ఎదురుగా కార్వినైట్ ఉంటే ఎవరైనా అదే నొక్కుతారు. మొదటి టర్న్‌లో హిప్పోడన్‌కి మారా, వోల్ట్ స్విచ్ తగల్లేదు, తగలకపోతే వాడు మారడం కూడా కుదరదు, రోటామ్ అక్కడే ఉండిపోయింది. రెండో టర్న్ నీళ్ళ దెబ్బ హైడ్రో పంప్ వస్తుందని టాక్సాపెక్స్‌ని తెచ్చా, వచ్చింది, సగమే తగిలింది. మూడో టర్న్ మళ్ళీ కరెంటే అనుకుని హిప్పోడన్, మళ్ళీ తుస్సు. ఇక నాలుగో టర్న్‌కి వాడు చాలాసేపు ఆలోచించాడు, నేను మళ్ళీ టాక్సాపెక్స్‌కి వెళ్తానని గట్టిగా నమ్మి వోల్ట్ స్విచ్ నొక్కాడు, నేను కదలకుండా స్టెల్త్ రాక్ నొక్కా. హిప్పోడన్ రాగానే లేచిన ఇసుక తుఫాను టర్న్‌కి పదహారో వంతు తింటుంది, రోటామ్ దగ్గర లెఫ్టోవర్స్ లేదు, నాలుగు టర్నులయ్యేసరికి దాని హెచ్‌పీలో పావు వంతు ఇసుకకే పోయింది. నేను అప్పటికి ఒక్క అటాక్ కూడా నొక్కలేదు, అయినా రాక్ పడింది, నా ముగ్గురూ బతికే ఉన్నారు, వాడి రోటామ్ దగ్గర ఏ ఐటమ్ లేదో కూడా తెలిసిపోయింది.

ఒక్క జాగ్రత్త, ఆ ఇసుక నీ టాక్సాపెక్స్‌ని కూడా తింటుంది. కానీ టాక్సాపెక్స్‌కి రీజెనరేటర్ ఎబిలిటీ పెట్టుకుంటే బయటికి వెళ్ళినప్పుడల్లా మూడో వంతు హెచ్‌పీ తిరిగొస్తుంది, కాబట్టి పెద్ద లెక్కలోకి రాదు. ఇంకోటి, 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ నుంచి రికవర్, రూస్ట్, స్లాక్ ఆఫ్ లాంటి హెచ్‌పీ నింపుకునే మూవ్‌ల పీపీ (ఆటలో ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్క) 5కి తగ్గించేశారు, పెంచుకున్నా 8 సార్లే. ఇంతకుముందు 16 సార్లు దొరికేది. అంటే ఊరికే దెబ్బ తిని, కోలుకుని, మళ్ళీ తిని అనే ఆట ఇప్పుడు నడవదు, దెబ్బే తగలని చోటికి మారడం నేర్చుకోవాలి. మొదట్లోనే రెండు మూడు రికవర్లు ఖర్చయిపోతున్నాయంటే ఎక్కడో మార్పు తప్పుగా చేస్తున్నావని అర్థం, ఆ ఆట రీప్లే మళ్ళీ చూస్కో.

ప్రశ్న: స్టెల్త్ రాక్, స్పైక్స్, స్క్రీన్స్, మూడింట్లో ముందు ఏది వేయాలి? (సికింద్రాబాద్)

జవాబు: డిఫెన్స్ టీమ్‌కి రాకే ముందు. ఒక్కసారి వేస్తే చాలు, మామూలుగా ఎనిమిదో వంతు, రాయి అంటే పడని వాళ్ళకి పావు వంతు, చారిజార్డ్ లాంటి వాళ్ళకి ఏకంగా సగం పోతుంది. స్పైక్స్, అంటే నేల మీద పరిచే ముళ్ళు, మూడు పొరలు వేస్తే గానీ పావు వంతుకి రాదు, ఎగిరేవాళ్ళకి అసలు తగలవు, అవి తీరిక దొరికినప్పుడు. స్క్రీన్స్, అంటే దెబ్బలు తగ్గించే రిఫ్లెక్ట్, లైట్ స్క్రీన్, ఐదు టర్నులే, లైట్ క్లే ఐటమ్ ఉంటే ఎనిమిది, అవి దాడి చేసేవాడికి గొడుగు పట్టడానికి పనికొస్తాయి గానీ నింపాదిగా ఆడే టీమ్‌కి ఆ టైమర్ చాలదు. అవతల అందరూ హెవీ డ్యూటీ బూట్స్ వేసుకుని వస్తే రాక్ పని చేయదు, అప్పుడు నాక్ ఆఫ్‌తో ముందు ఆ బూట్లు ఊడగొట్టాలి. మన టీమ్‌లో గోల్డెంగో ఉంటే మాత్రం రాక్ వేసినవాడికి పండగే, దెయ్యం టైపు కాబట్టి రాళ్ళు ఊడ్చేసే ర్యాపిడ్ స్పిన్ తగలదు, దాని ఎబిలిటీ వల్ల అదే పని చేసే డీఫాగ్ కూడా పారదు.

ప్రశ్న: నమస్తే అండీ. నేను, మా పాప రోజూ సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ పోకేమాన్ గో ఆడుతుంటాం. గ్రేట్ లీగ్‌లో అన్నీ హద్దు 1500 సీపీకి (పోకేమాన్ బలం లెక్క) దగ్గరగానే ఉన్నాయి, ఎక్కువ స్టార్లు వచ్చినవే ఏరి పెట్టాం, అయినా మొదటి పోకేమాన్ త్వరగా పోతోంది, పెద్ద దెబ్బ ఆపే రెండు షీల్డులూ అక్కడే అయిపోతున్నాయి. పాప చాలా డీలా పడిపోతోంది. (మల్కాజిగిరి)

జవాబు: నమస్తే అక్కా. ముందు ఆ స్టార్ల సంగతి. సీపీ లెక్కలో అటాక్‌ని పూర్తిగా, డిఫెన్స్‌నీ హెచ్‌పీనీ మాత్రం వర్గమూలం తీసి గుణిస్తారు. అంటే అటాక్ ఎక్కువున్న పోకేమాన్ 1500కి తొందరగా చేరిపోతుంది, లెవెల్ పెంచే చోటు ఉండదు. లోపల కనిపించే మూడు గీతల్లో (ఒక్కోటి 0 నుంచి 15 దాకా) అటాక్ 0, డిఫెన్స్ 15, హెచ్‌పీ 15 ఉన్నది అయితే అదే 1500 లోపు ఇంకా పై లెవెల్‌కి వెళ్తుంది, ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుంది. మీరు స్టార్లు తక్కువని ప్రొఫెసర్‌కి పంపించేసిన వాటిలో ఎన్ని మంచివి పోయాయో అనిపిస్తోంది, ఇకనుంచి పంపే ముందు ఒక్కసారి లోపల అటాక్ గీత చూడండి, అది ఖాళీగా ఉండి మిగతా రెండూ నిండుగా ఉంటే దాచుకోండి. రెయిడ్లకీ, సీపీ హద్దు లేని మాస్టర్ లీగ్‌కీ మాత్రం మీరు ఏరినవే కరెక్ట్.

షీల్డుల విషయం పాపకి ఇలా చెప్పండి. ఎదురుగా మనకి పడని టైపు వచ్చిందంటే ఆ పోరులో షీల్డ్ పెట్టడం దండగ, వెంటనే రెండో పోకేమాన్‌కి మారిపోవాలి, అందుకే రెండోది ఎవరితోనూ మరీ ఘోరంగా ఓడిపోనిది అయ్యుండాలి. మారాక కాసేపు మళ్ళీ మారలేం కాబట్టి మొదటి క్షణాల్లోనే తేల్చుకోవాలి. సమానంగా ఉందనిపిస్తే నిలబడి ఒక్క షీల్డ్ పెట్టొచ్చు, రెండూ మాత్రం వద్దు. ఇంకోటి, అవతలి పోకేమాన్ ఎన్ని ఫాస్ట్ మూవ్‌ల (చిన్న దెబ్బల) తర్వాత ఛార్జ్‌డ్ మూవ్ (ఎనర్జీ నిండాక వేసే పెద్ద దెబ్బ) వేసిందో పాపని వేళ్ళ మీద లెక్కపెట్టమనండి, మీరు స్క్రీన్ నొక్కుతుంటే తను పక్కన నిలబడి ఒకటి రెండు మూడు అని గట్టిగా చెప్పాలి. రెండోసారి మిగిలిన ఎనర్జీ ఉంటే ఒకటి తక్కువకే రావచ్చు, అయినా దాదాపు తెలిసిపోతుంది. ఒక వారం ఇలా చేస్తే ఇద్దరికీ అలవాటైపోతుంది, అప్పుడు మళ్ళీ రాయండి, పాప ఏ పోకేమాన్ లీడ్ పెడుతోందో కూడా చెప్పండి.

ప్రశ్న: మేం అన్నదమ్ములం, ఇద్దరిద్దరు దిగే డబుల్స్ ఆడతాం. ఇన్సినరోర్ లీడ్ పెట్టి ఫేక్ అవుట్ (దిగిన మొదటి టర్న్‌లోనే పనిచేసి ఎదుటివాడిని ఆ టర్న్ కదలనీయని మూవ్) కొట్టడం తప్ప డిఫెన్స్ ఓపెనింగ్ ఇంకేం ఉంది? (టోలిచౌకి)

జవాబు: చాలా ఉంది, కానీ ముందు ఇన్సినరోర్‌నే మీరు సరిగ్గా వాడుతున్నారా అని నా డౌట్. దాని బలం ఫేక్ అవుట్ ఒక్కటే కాదు. రాగానే ఇంటిమిడేట్‌తో ఎదుటి ఇద్దరి అటాక్ మూడింట రెండు వంతులకి పడిపోతుంది, పార్టింగ్ షాట్‌తో ఇంకా దించి వెళ్ళిపోయి, మళ్ళీ రెండు టర్నుల తర్వాత వస్తే మళ్ళీ ఇంటిమిడేట్, మళ్ళీ ఫేక్ అవుట్. అంటే మొదటి టర్న్‌లోనే ఉండాలని లేదు. అవతల కింగాంబిట్ ఉంటే మాత్రం ఇన్సినరోర్‌ని తేకండి, మనం దాని అటాక్ ఒక మెట్టు తగ్గిస్తే డిఫయంట్ ఎబిలిటీ వల్ల రెండు మెట్లు ఎక్కుతుంది, కోరి తెచ్చుకున్న కొరివి అవుతుంది.

పక్కన అమూంగస్‌ని పెట్టి చూడండి. ఫేక్ అవుట్‌తో ఒకడిని ఆపితే అది స్పోర్‌తో ఇంకొకడిని నిద్రపుచ్చుతుంది, లేకపోతే రేజ్ పౌడర్‌తో దెబ్బలు తన మీదకి లాక్కుంటుంది. గడ్డి టైపు మీద ఈ రెండూ పని చేయవు, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకున్నవాడి మీద కూడా అంతే. ఏమీ తోచకపోతే మొదటి టర్న్‌లో ఒకరితో ప్రొటెక్ట్ (ఆ టర్న్ దెబ్బలు ఆపే మూవ్) నొక్కి, రెండోవాడిని మార్చండి, అవతలి ఇద్దరి ప్లాన్ ఏంటో ఫ్రీగా చూసేయొచ్చు. వరసగా రెండోసారి ప్రొటెక్ట్ మాత్రం వద్దు, మూడింట ఒక్క ఛాన్సే.

ప్రశ్న: నా టీమంతా డిఫెన్సే కదా అని బలాలు పెంచడానికి దొరికే ఈవీ పాయింట్లలో అందరికీ 252 హెచ్‌పీకి, మిగతావి రెండు డిఫెన్సుల్లో సమంగా పోశా. బ్లిస్సీ మాత్రం ఫిజికల్ దెబ్బ ఒక్కటి కూడా తట్టుకోవట్లేదు. (ఉప్పల్)

జవాబు: అందరికీ ఒకే కొలత కుట్టిస్తే ఎలా? ఏది తక్కువుందో అందులో పోస్తేనే ఎక్కువ ఫలితం. లెవెల్ 100 బ్లిస్సీకి ఏమీ పోయకపోయినా హెచ్‌పీ 651 ఉంటుంది, 252 పోస్తే 714 అవుతుంది, పెరిగింది పదో వంతు కూడా కాదు. అదే డిఫెన్స్ 56 నుంచి 119కి వెళ్తుంది, డబుల్ దాటింది, డిఫెన్స్ పెంచే బోల్డ్ నేచర్ పెడితే 130. టాక్సాపెక్స్ దీనికి పూర్తిగా తిరగేసి, డిఫెన్సులు రెండూ ముందే ఎక్కువ, హెచ్‌పీ 241 మాత్రమే, అక్కడ 252 పోస్తే 304కి చేరి ఫిజికల్, స్పెషల్ రెండు వైపులా కాస్తుంది. కాబట్టి నువ్వు టాక్సాపెక్స్‌కి చేసింది కరెక్టే, బ్లిస్సీకి మాత్రం ముందు 252 డిఫెన్స్‌లో పెట్టి, మిగిలినవి హెచ్‌పీకో స్పెషల్ డిఫెన్స్‌కో పంచి ఆడు. అయినా సరే ఫైటింగ్ టైపు వాళ్ళ ముందు దాన్ని నిలబెట్టకు, 130తో కూడా ఆ దెబ్బ ఆగదు.