ఇంజన్ రూమ్‌లోకి దిగబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నదిలో తిరిగే సరుకు ఓడ మీద ఇంజనీరుగా చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు. మన ఇంట్లో నా తర్వాత ఆ మెట్లు దిగేది నువ్వే అని ఎంత పొంగిపోయానో, అంత టెన్షన్ కూడా పట్టుకుంది.

ఆయిల్ చూసుకోవడం, చెవులకు మఫ్‌లు పెట్టుకోవడం నీకు తెలిసినవే. నా దిగులంతా ప్రొపెల్లర్ గురించి. నదిలో ఒక్కోసారి దాని రెక్కకూ అడుగున ఇసుకకూ మధ్య మూరెడు నీళ్లు కూడా ఉండవు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. వేసవి, నిండు లోడు. ఓడ ఉన్నట్టుండి బరువెక్కింది. వేగం ఇంకాస్త పెంచమని పైనుంచి కబురు. అప్పటికే కూలింగ్ నీళ్ల టెంపరేచర్ ఎక్కుతోంది. నదిలోంచి వచ్చే ఆ నీళ్లని వడకట్టే స్ట్రైనర్ విప్పితే గుప్పెడు ఇసుక వచ్చింది. అడుగు తగలబోతోందని ఆ ఇసుకే చెబుతోంది. పిరికివాడంటారని పైకి చెప్పలేదు, థ్రాటిల్ పెంచాను. లోతు లేని చోట వేగం పెంచితే ఓడ ఇంకా కిందికి కుంగుతుంది. వేగం రెట్టింపైతే కుంగడం దాదాపు నాలుగింతలు. కింద ధన్‌మని చప్పుడైంది. ఆ తర్వాత బల్ల మీది గ్లాసులో టీ సన్నగా వణకడం మొదలైంది.

లాగ్‌బుక్‌లో అంతా నార్మల్ అని రాశాను. మా గ్రీజరు పెద్దాయన నా పక్కనే నిలబడి, "తొందరపడి రాయకండి బాబూ" అన్నాడు. వినలేదు. మూడో రాత్రి ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ దగ్గర సీల్ పోయి నీళ్లొచ్చాయి. తెల్లవార్లూ పంపు దగ్గర కూర్చున్నది ఆయనే. గ్రీజు సరిగా పెట్టలేదని ఆయన్నే పనిలోంచి తీసేశారు. డాక్‌లో రెక్క కొస వంగి ఉండడం నా కళ్లతో చూశాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. తర్వాత ఆయన కోసం వెతికాను, దొరకలేదు. అమ్మడూ, రెక్క వంగితే మార్చొచ్చు. దెబ్బ తగిలిన నిమిషమే చెప్పు. తిడితే తిట్టించుకో.

ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుందనే భ్రమ పాతదే. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ 1836లో ఓడని తోసే స్క్రూకి, అంటే మన ప్రొపెల్లర్‌కి, పేటెంట్ తీసుకుని, లండన్‌లోని పాడింగ్టన్ కాలువలో చెక్క స్క్రూతో చిన్న పడవ నడిపాడు. 1837లో దేనికో తగిలి సగం స్క్రూ విరిగిపోతే పడవ ముందుకన్నా జోరుగా పోయిందట! ఆ కథ చదివినప్పుడల్లా ఆ రోజు నా థ్రాటిల్ గుర్తొస్తుంది.

అసలు ప్రొపెల్లర్‌కి పెద్ద మేలు చేసింది కాలువలే. పక్కలకు పొడుచుకొచ్చే తెడ్డు చక్రాల ఓడలు కెనడాలోని వెలాండ్ కాలువ ఇరుకు లాకుల్లో పట్టడం కష్టం. ఎరిక్సన్ అనే ఇంజనీరు స్క్రూతో 1841లో వాండాలియా అనే ఓడ వచ్చాక అమెరికా, కెనడాల మధ్య గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల మీద ఆ రకం ఓడలకే ప్రొపెల్లర్లని పేరు పడింది. రెక్కల చుట్టూ ఉండే కోర్ట్ నాజిల్ అనే కడియాన్ని 1930ల్లో లుడ్విగ్ కోర్ట్ తెచ్చింది కాలువ గట్లు కోసుకుపోకుండా ఉండాలని. మెల్లగా పోయేటప్పుడు తోసే బలం పెరగడం కూడా దాని వల్ల కలిసొచ్చింది. నీ ఓడకి అది ఉంటే, రెక్క కొసకీ దానికీ మధ్య సందు చాలా తక్కువ. చిన్న దుంగ ముక్క ఇరుక్కున్నా చాలు.

ఇంకొకటి, దీన్ని మాత్రం ఒట్టేసి చెప్పు. రెక్కలకు తాడు చుట్టుకుంటే ఇంజన్ ఆపి, ఎవరూ స్టార్ట్ చేయకుండా తాళం వేసి, ఆ తాళంచెవి నీ జేబులో పడ్డాకే ఎవరినైనా నీళ్లలోకి దించు. పెళ్లాం పిల్లలున్నవాళ్లు దిగుతారమ్మా.

చెక్క పిడి ఉన్న నా పొడుగాటి స్క్రూడ్రైవర్ పార్శిల్‌లో పంపుతున్నాను. దాని మొనని బేరింగ్ ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకో. తిరిగే షాఫ్ట్‌కి మాత్రం తగలనీకు. చేరిన మొదటి రోజే ఓడ బాగున్నప్పుడు ఎలా వినిపిస్తుందో విని నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ పెదనాన్న