వంతెనలు కడతానంటున్న అమ్మాయిని సివిల్‌లో చేర్చవచ్చా?

ప్రశ్న: మాది కొవ్వూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. గోదావరి మీది వంతెనలు చూస్తూ పెరిగింది, తానూ వంతెనలే కడతానంటోంది. చుట్టాలంతా కంప్యూటర్స్ తీసుకోమంటున్నారు. సివిల్‌లో చేర్చవచ్చా? అసలు ఆ పని ఎలా ఉంటుంది?

జవాబు: నిరభ్యంతరంగా చేర్చండి. మొదటి మూడు నాలుగేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ల కంటే తక్కువే ఉంటుంది, ఆ మాట ఇంట్లో ముందే అనుకోండి. ఇక పని సంగతి. మీ అమ్మాయి రోజూ చూసేది 1997లో పూర్తయిన రైలు వంతెన కమాన్లను. వంతెన నిలిచేదీ కూలేదీ ఎక్కువగా కంటికి కనిపించని చోట, నీటి అడుగున.

ఏ వంతెనకైనా మొదటి లెక్క నదిదే. గరిష్ఠ వరద మట్టం ఎంత, సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు వస్తుంది, అడుగున ఏ మట్టి ఉంది అన్నవి తేలాలి. ఇసుక నదిలో సెకనుకు 900 ఘనపు మీటర్ల వరద వస్తుందనుకుందాం. లేసీ అనే ఇంజినీరు ఇచ్చిన సూత్రం ప్రకారం వంతెన కింద నీటి దారి వెడల్పు 900 వర్గమూలానికి 4.8 రెట్లు, అంటే 144 మీటర్లు ఉండాలి. పునాది లెక్కకు వరదను మరో 30 శాతం పెంచి చూస్తే, సిల్ట్ ఫ్యాక్టర్ (రేణువుల ముతకదనాన్ని చెప్పే అంకె) 1 ఉన్న ఇసుకలో పియర్ (వంతెన స్తంభం) దగ్గర నీరు అడుగును తవ్వే కోత వరద మట్టానికి సుమారు 10.8 మీటర్ల కిందికి పోతుంది. దానికి మూడో వంతు పట్టు, అంటే కోతకు కింద మట్టిలో పాతుకుని ఉండే లోతు, కలిపితే పునాది 14.4 మీటర్లకు దిగాలి. ఖర్చు తగ్గుతుందని వంతెనను 100 మీటర్లకు కుదిస్తే నీరు ఇరుకున పడి వడి పెరుగుతుంది, పునాది 18.4 మీటర్లకు వెళ్లాలి. పొడవులో మిగిలిన డబ్బులో చాలా భాగం లోతుకే పోతుంది. కట్టాక పియర్ల దగ్గర ఇసుక తవ్వుకుపోతే తరిగేది ఆ మూడో వంతు పట్టే. పైన గిర్డర్లు (దూలాలు) ఎంత గట్టివైనా అప్పుడు కాపాడలేవు.

అందుకే హైడ్రాలజీ, సాయిల్ మెకానిక్స్, సర్వేయింగ్‌లను పాసైతే చాలనుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి. చాలామంది పిల్లలు స్టాడ్ ప్రో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే డిజైన్ వచ్చేసినట్టే అనుకుంటారు. కోత లోతు తప్పు ఇస్తే సాఫ్ట్‌వేర్ ఆ తప్పునే అందంగా గీసి ఇస్తుంది. జమ్మూకశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెన కోసం 17 ఏళ్లు కొండవాలు సమస్యలపై పనిచేసిన ప్రొఫెసర్ జి. మాధవీలత మన ఆంధ్ర అమ్మాయే. కాకినాడలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్ చేసిన ఆమె రంగం జియోటెక్నికల్. అంటే రాయి, మట్టి.

సైటు పని ఎలా ఉంటుందంటే, గోదావరి లాంటి ఇసుక నదుల్లో బావి పునాదులు దించుతారు. అడుగున మట్టిని కోసే ఉక్కు అంచు (కటింగ్ ఎడ్జ్), దాని మీద గోడను మోసే కర్బ్, ఆపైన బావి గోడ (స్టీనింగ్). లోపలి ఇసుకను గ్రాబ్‌తో (క్రేన్‌కు వేలాడే తొట్టితో) తోడుతుంటే బావి తన బరువుకే దిగుతుంది. ఒక పక్క ఎక్కువ తోడితే ఒరుగుతుంది. 80 మీటర్లకు 1 మీటరు వంపు దాటకూడదు. ఒరిగితే ఎత్తుగా ఉన్న పక్క ఇసుక తోడి, ఆ పక్కనే బరువు పెట్టి సరిచేస్తారు. తొలి మీటర్లలోనే పట్టుకోవాలి, లోతుకు వెళ్లాక బావి మొండికేస్తుంది.

ప్రీస్ట్రెస్ గిర్డర్లలో, అంటే ఉక్కు కేబుళ్లు లాగి బిగించే కాంక్రీటు దూలాల్లో, కేబుల్ లాగినప్పుడు సాగుదల లెక్కకు 5 శాతం అటూఇటూ దాటితే పని ఆపాలి. కేబుల్ ఉండే గొట్టం (షీత్) అతుకుల్లోంచి సిమెంట్ పాలు కారి లోపల గట్టిపడితే కేబుల్ బిగుసుకుపోతుంది, గేజీ మాత్రం సరైన ఒత్తిడే చూపిస్తుంది. స్లాబ్ పోసే రోజు కూలిన సెంట్రింగ్‌లు ప్రాణాలు తీస్తున్నాయి. వాటి కాళ్ల కింద మెత్తటి నేల, అడ్డకట్లు లేకపోవడం ముఖ్య కారణాలు. కాంక్రీటు పోయకముందే ఇవి చూసి, బాగోలేకపోతే వద్దనగలిగే ధైర్యం ఈ ఉద్యోగానికి కావాలి.

దారి సంగతి: ఈఏపీసెట్‌తో సివిల్, నాలుగేళ్లు. మూడో ఏడు నుంచి గేట్‌కు చదివితే ఐఐటీల్లో, వరంగల్ ఎన్‌ఐటీలో స్ట్రక్చరల్ లేదా జియోటెక్నికల్ ఎంటెక్ చేయవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కోడ్లలో 6, 78, 112 నంబర్లవి చివరి ఏడాదిలోనే తిరగేయాలి: బరువులు, పునాదులు, కాంక్రీటు. ఉద్యోగాలు రోడ్లు భవనాల శాఖలో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఏఈఈ)గా, రైల్వేలో, నిర్మాణ సంస్థల్లో, డిజైన్ కన్సల్టెన్సీల్లో ఉంటాయి. నా సలహా ఏమిటంటే, డిజైన్ ఆఫీసులో కూర్చునే ముందు రెండేళ్లు సైటులో చేయాలి. కడ్డీల మధ్య వైబ్రేటర్ సూది దూరని చోటు ఎలా ఉంటుందో చూసినవాళ్లు అలాంటి డ్రాయింగ్ గీయరు. ఆడపిల్ల కాబట్టి వసతి, టాయిలెట్, రాత్రి షిఫ్టు రవాణా గురించి చేరకముందే నిస్సంకోచంగా అడగాలి. సరైన జవాబు లేకపోతే ఇంకో సంస్థ చూసుకోవచ్చు.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు రెండు మూడు కాలేజీలకు వెళ్లి సాయిల్ ల్యాబ్ చూపించమనండి. మట్టి బలం కొలిచే ట్రయాక్సియల్ పరికరం ఉందా, దానిమీద విద్యార్థులే పరీక్ష చేస్తున్నారా, లేక రికార్డులో అంకెలు ఎక్కించుకుంటున్నారా అన్నది సీనియర్లను అడిగితే చెప్పేస్తారు.